హీబ్రూ రంగస్థలానికి ప్రాణం పోసిన హన్నా రొవీనా

ఒక భాష బ్రతికి ఉన్నదనడానికి గుర్తేమిటి? నిఘంటువు ఉండటం గుర్తు కాదు. వ్యాకరణం ఉండటమూ కాదు. పండితులు ఆ భాషలో గ్రంథాలు వ్రాయగలిగినా చాలదు. తల్లి ఆ భాషలో బిడ్డను కసురుకోవాలి. ఆ భాషలో పలికిన మాట విని నాటకశాలలో కూర్చున్నవారు కంటతడి పెట్టాలి. ఈ రెండూ జరిగిననాడే ఆ భాషకు ప్రాణమున్నదని నిస్సంశయంగా చెప్పవచ్చు.

హీబ్రూ భాష విషయంలో ఈ రెండు పనులకూ పూనుకొన్న స్త్రీ ఒకతె ఉన్నది. యౌవనంలో ఆమె శిశుపాఠశాలలో పసివాళ్లకు ఆ భాషలో మాటలు నేర్పింది. అటుపిమ్మట అరువది సంవత్సరాలకు పైగా రంగస్థలం మీద ఆ భాషలోనే ప్రేమించింది, శోకించింది, శపించింది. ఆమె పేరు హన్నా రొవీనా. ఇజ్రాయెలు దేశీయులు ఆమెను తమ నాటకరంగానికి ప్రథమ మహిళగా గౌరవించారు. నటుని కళ నటునితోనే పోతుందని లోకంలో ఒక మాట ఉన్నది. రొవీనా కథ ఆ మాటకు కొంత అపవాదంగా కనిపిస్తుంది.

పందొమ్మిదవ శతాబ్ది ముగియవస్తున్న రోజులలో, రష్యా సామ్రాజ్యంలోని మిన్‌స్కు మండలంలో, బెరెజీనా నది ఒడ్డున ఉన్న బెరెజినో అనే చిన్న పట్టణంలో హన్నా జన్మించింది. ఆ ప్రాంతం నేడు బెలారస్ దేశంలో ఉన్నది. తండ్రి కలప వర్తకుడు. ఇంటిపేరు రూబిన్. రొవీనా అనేది తరువాత వచ్చిన పేరు. ఆ పట్టణాలలోని యూదుల జీవితంలో ఒక భాషావైచిత్రి ఉండేది. ఇంటిలో, అంగడిలో మాట్లాడుకునేది యిద్దిషు. ప్రభుత్వంతో వ్యవహారం రష్యనులో. హీబ్రూ మాత్రం దేవునితో మాట్లాడటానికి. అది ప్రార్థనకు, శాస్త్రపఠనానికి ప్రత్యేకింపబడిన పవిత్ర భాష. మన దేశంలో సంస్కృతం అనుభవించిన గౌరవమూ, ఒంటరితనమూ ఎరిగినవారికి ఈ పరిస్థితి సులభంగానే బోధపడుతుంది.

ఆ పవిత్ర భాషను వాడుకలోనికి దింపాలని అప్పటికే కొందరు కంకణం కట్టుకొన్నారు. ఎలీజెర్ బెన్ యెహూదా 1881లో జెరూసలేము చేరి, తన ఇంటిలో హీబ్రూ తప్ప వేరు భాష వినిపించరాదని శాసించి, కన్నకొడుకును ఆ భాషలోనే పెంచాడు. ఆ ఉద్యమపు గాలి రష్యా, పోలెండు పట్టణాలకు కూడ వీచింది. వార్సా నగరంలో హీబ్రూలో బోధించే శిశుపాఠశాలలకు ఉపాధ్యాయినులను తయారుచేయడానికి ఒక శిక్షణాలయం వెలసింది. హన్నా అక్కడ చేరి చదివి ఉపాధ్యాయిని అయింది. పిల్లలకు పాటలు, ఆటలు, చిన్న చిన్న కథలు చెప్పటమే ఆమె వృత్తి. నటనలో ఆమె తొలి ప్రేక్షకులు ఆ పసివారేనని అనుకోవచ్చు.

వార్సాలో ఆమెకు నహూమ్ జెమాక్ అనే మనిషితో పరిచయమైంది. ఇతడు బియలిస్టోకు పట్టణంలో హీబ్రూ ఉపాధ్యాయుడు. ప్రపంచంలో ఎక్కడా లేని ఒక నాటకసమాజాన్ని నిర్మించాలని అతడు కలలు కన్నాడు. దానిలో ప్రతి నాటకమూ హీబ్రూలోనే ఆడాలి. పైగా అది ఔత్సాహికుల కాలక్షేపంగా ఉండరాదు. ఐరోపాలోని ఉత్తమ నాటకశాలలకు దీటుగా నిలవాలి. ఆనాడు ఈ మాట విన్నవారు నవ్వి ఉంటే తప్పు పట్టవలసిన పని లేదు. ఆ భాషలో మాట్లాడేవారే అరుదు. నాటకాలు ఇంచుమించు లేవు. నటులు లేరు. ప్రేక్షకులకు అర్థమవుతుందన్న హామీ లేదు. అయినా జెమాక్ వెనుదీయలేదు. 1917లో, రష్యా దేశం విప్లవంతో అట్టుడికిపోతున్న సమయాన, మాస్కో నగరంలో ఆ సమాజం నిలబడింది. దాని పేరు హబీమా, అనగా వేదిక. జెమాక్, మెనాహెమ్ గ్నేసిన్, హన్నా రొవీనా ఆ సమాజానికి మూలస్తంభాలు.

నాటకం ఆడాలంటే గురువు కావాలి. జెమాక్ నేరుగా ఆ కాలపు మహాచార్యుడైన స్టానిస్లావ్‌స్కీ దగ్గరకు వెళ్లాడు. పిచ్చిపట్టుదల ఉన్నవారి మాటను పెద్దలు ఒక్కొక్కప్పుడు కాదనలేరు. స్టానిస్లావ్‌స్కీ తన ప్రియశిష్యుడైన యెవ్గేనీ వఖ్తాంగోవ్‌ను వారికి గురువుగా ఇచ్చాడు. వఖ్తాంగోవ్ ఆర్మీనియను వంశీయుడు. హీబ్రూ అతనికి తెలియదు. అర్థం తెలియని భాషలో అర్థాన్ని వెదకటం ఆ గురువు పని. అభినయం తెలియని జీవితంలో అభినయాన్ని నేర్వటం ఆ శిష్యుల పని. మాస్కోలో ఆ సంవత్సరాలు ఆకలి కాలం. అంతర్యుద్ధం నడుస్తున్నది. రొట్టెకూ, కట్టెలకూ కరవు. ఆ చలిలోనే అభ్యాసం సాగింది. 1918 అక్టోబరులో నాలుగు ఏకాంకికలతో హబీమా తన తొలి ప్రదర్శన ఇచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. రష్యా యూదులకు హీబ్రూను తమదైన ఉచ్చారణలో చదవటం అలవాటు. హబీమా వారు దానిని విడిచి, సెఫార్డీ సంప్రదాయపు ఉచ్చారణను వేదికపై స్వీకరించారు. పాలస్తీనాలో కొత్తగా మాట్లాడుతున్న హీబ్రూకు మూలం ఆ ఉచ్చారణే. అనగా మాస్కోలో కూర్చుండి, దూరదేశపు పలుకుబడిని వారు నాలుకపై పెట్టుకొన్నారు. రొవీనా కంఠం మీద నిలిచిన కీర్తికి ఆ కష్టమే పునాది.

శత్రువులు కూడ తక్కువవారు కారు. విచిత్రమేమంటే వారు పరాయివారు కారు. కమ్యూనిస్టు పార్టీలోని యూదు విభాగంవారే హబీమాపై ధ్వజమెత్తారు. శ్రామికుల భాష యిద్దిషు అనీ, హీబ్రూ మతాచార్యుల భాష, ధనికుల భాష అనీ, విప్లవరాజ్యంలో అటువంటి భాషకు ప్రభుత్వధనం ఇవ్వరాదనీ వారి వాదం. అప్పుడు స్టానిస్లావ్‌స్కీ మొదలైన కళాకారులు హబీమా పక్షాన లెనిన్‌కు విజ్ఞాపన పంపారు. మాక్సిమ్ గోర్కీ కూడ ఆ సమాజానికి ఆప్తుడుగా నిలిచాడు. హీబ్రూ ఒక్క ముక్క రాని రష్యను మహామహులు హీబ్రూ నాటకాన్ని కాపాడారు. ఆ భాష ఎరిగినవారు దానిని మూయించబోయారు. చరిత్రలో ఇటువంటి తారుమారులు కొత్త కాదు.

రొవీనా పేరు మొదట నలుగురి నోట పడింది డేవిడ్ పిన్‌స్కీ వ్రాసిన సంచారి యూదుని నాటకంతో. జెరూసలేము దేవాలయం కూలిన దినానే లోకరక్షకుడు పుట్టాడనీ, పుట్టిన శిశువును పెనుగాలి ఎత్తుకొనిపోయిందనీ ఆ నాటకకథ. రొవీనా ఆ శిశువు తల్లి. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి విలాపమే ఆ పాత్రకు సర్వస్వం. నిడివిలో చిన్న పాత్రయే అయినా, మాటలు తెలియని వారిని సైతం ఆ విలాపం కదిలించింది.

ఆమెను చిరస్మరణీయురాలిని చేసిన నాటకం మాత్రం దిబ్బుక్. దాని రచయిత ఆన్‌స్కీ. ఇతడు 1912 నుండి 1914 వరకు వోలీనియా, పొదోలియా ప్రాంతాల పల్లెలు తిరిగి, యూదుల జానపద కథలు, పాటలు, ఆచారాలు సేకరించిన పరిశోధకుడు. ఆ సేకరణ నుండి ఈ నాటకం పుట్టింది. మృతుని ఆత్మ బ్రతికినవారిలో చొచ్చి మాట్లాడటాన్ని వారు దిబ్బుక్ అంటారు. మన పల్లెలలో దెయ్యం పట్టిందనటం వంటిదే. హానాన్ అనే పేద విద్యార్థి, లేయా అనే ధనికుని కూతురు ప్రేమించుకొంటారు. వారిద్దరూ పుట్టకమునుపే తండ్రులు వియ్యమందుదామని మాట ఇచ్చుకొన్నారు. లేయా తండ్రి ధనాశతో ఆ మాట మరచాడు. హానాన్ మంత్రశాస్త్రంలో తలమునకలై ప్రాణం విడుస్తాడు. లేయా పెండ్లినాడు అతని ఆత్మ ఆమెలో ప్రవేశించి ఆమె నోట పలుకుతుంది. గురువులు దానిని వెళ్లగొడతారు. కాని లేయా బ్రతుకును కాదని ప్రియుని ఆత్మనే వరించి వెళ్లిపోతుంది.

మహాకవి బియాలిక్ ఈ నాటకాన్ని హీబ్రూలోనికి తెచ్చాడు. యోయెల్ ఎంగెల్ సంగీతం కూర్చాడు. నతాన్ ఆల్ట్‌మన్ రంగాలంకరణ గావించాడు. ఆన్‌స్కీ మాత్రం తన నాటకాన్ని వేదికపై చూడకుండానే 1920లో కన్నుమూశాడు. లేయా పాత్ర మొదట రొవీనాది కాదు. షోషానా అవివిత్ అనే నటికి ఇచ్చారు. ఆమె సమాజం విడిచి వెళ్లటంతో ఆ పాత్ర రొవీనా చేతికి వచ్చింది. యాదృచ్ఛికంగా వచ్చిన ఈ అవకాశమే ఆమె జీవితాన్ని నిర్ణయించింది.

వఖ్తాంగోవ్ అప్పటికే క్యాన్సర్ వ్యాధితో బాధపడుతున్నాడు. తన దినాలు లెక్కకు వచ్చాయని ఎరిగిన గురువు, చావును గెలిచిన ప్రేమను గురించిన నాటకాన్ని శిష్యులకు నేర్పుతున్నాడు. 1922 జనవరి 31న ప్రథమ ప్రదర్శన జరిగింది. ఆచారం ప్రకారం పెండ్లికూతురు బిచ్చగాండ్రతో నాట్యమాడాలి. కుంటివారు, గ్రుడ్డివారు, గూనివారు వికృతంగా చుట్టుముట్టగా, నడుమ తెల్లని పెండ్లిదుస్తులలో, రెండు పొడుగాటి నల్లని జడలతో, పాలిపోయిన ముఖంతో రొవీనా నిలిచింది. అటుపిమ్మట ఆ కోమలమైన శరీరం నుండి పురుషుని గొంతు వెలువడింది. ఆ తెల్లని దుస్తులు, ఆ జడలు, ఆ గొంతు హీబ్రూ రంగస్థలానికి ముద్రగా నిలిచిపోయాయి. ఆ ఏడు మే 29న వఖ్తాంగోవ్ మరణించాడు. అతనికి నలుబది ఏండ్లయినా నిండలేదు.

1926 జనవరిలో హబీమా మాస్కో విడిచి విదేశయాత్రకు బయలుదేరింది. పోయినవారు తిరిగి రాలేదు. బాల్టికు దేశాలు, పోలెండు, జర్మనీ మొదలైన దేశాలలో ప్రదర్శనలిచ్చి, ఆ సంవత్సరాంతానికి న్యూయార్కు చేరారు. అక్కడ సమాజం రెండుగా చీలింది. వ్యవస్థాపకుడైన జెమాక్ కొందరితో అమెరికాలో ఉండిపోయాడు. కల కన్నవాడు ఒక ఒడ్డున, ఆ కల మరొక ఒడ్డున మిగిలిపోవటం కంటె విషాదమేమున్నది? రొవీనా మిగిలినవారితో కలిసి ఐరోపాకు మరలి, 1928లో పాలస్తీనా చేరింది. మరల కొంతకాలం ఐరోపాలో గడిపి, బెర్లినులో షేక్స్‌పియర్ పన్నెండవ రాత్రి వంటి హాస్యనాటకాన్ని సైతం ప్రదర్శించి, 1931లో హబీమా టెల్ అవీవ్ నగరంలో స్థిరపడింది.

వారు రష్యాలో ఉండిపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించటం కష్టం కాదు. మాస్కోలోని యిద్దిషు రాజ్య నాటకశాలకు ప్రాణమైన సోలమన్ మిఖోయెల్స్‌ను 1948 జనవరిలో మిన్‌స్కులో స్టాలిను ప్రభుత్వం హత్య చేయించింది. ఆ నాటకశాల 1949లో మూతపడింది. శ్రామికుల భాష అని ఒకనాడు పొగడ్త పొందిన యిద్దిషుకే ఆ గతి పట్టినప్పుడు హీబ్రూ మాట చెప్పనేల?

టెల్ అవీవ్ అప్పుడు ఇసుకదిబ్బల మీద లేస్తున్న చిన్న నగరం. హబీమాకు సొంత భవనం లేదు. 1935లో శంకుస్థాపన జరిగినా, అందులో ప్రదర్శనలు మొదలు కావటానికి మరి పదేండ్లు పట్టింది. సమాజం నడిచే తీరు కూడ విలక్షణమైనది. యజమాని లేడు. సభ్యులందరూ భాగస్థులు. ఏ నాటకం ఆడాలో, ఎవరికి ఏ పాత్రో సభ్యులే నిర్ణయించుకొనేవారు. దేశమంతా రాణిగా కొలిచిన నటి కూడ ఆ సమాజంలో అందరిలో ఒకతెగానే మెలగవలసి వచ్చింది.

ఆమె స్వంత జీవితం వేరొక నాటకం. కవి అలెగ్జాండర్ పెన్ ఆమెకంటె వయసులో చిన్నవాడు, వివాహితుడు. వారి ప్రేమకు ఫలంగా 1934లో ఇలానా అనే కూతురు కలిగింది. రొవీనా అతనిని పెండ్లాడలేదు. కూతురిని తానే పెంచుకొన్నది. ఆ కాలంలో సామాన్య స్త్రీకి ఇది తలవంపులు తెచ్చే సంగతి. రొవీనా దానిని దాచలేదు, సంజాయిషీ చెప్పుకోలేదు. ఆమెను పూజించిన సమాజం ఆ బిడ్డను కూడ అక్కున చేర్చుకొన్నది. ఇలానా రొవీనా పెరిగి పెద్దదై గాయనిగా పేరు తెచ్చుకొని, 2020లో మరణించింది.

లేయా తరువాత రొవీనాకు తల్లి పాత్రలు వరుసగా వచ్చాయి. 1939లో గోర్డిన్ రచించిన మిరేలె ఎఫ్రోస్‌లో బిడ్డలచేత ఇల్లు వెడలిన గృహిణి అయింది. చాపెక్ రచించిన తల్లి నాటకంలో కొడుకులను యుద్ధానికి బలియిచ్చే తల్లి అయింది. 1947లో ఇంగ్లండు నుండి వచ్చిన టైరన్ గత్రీ దర్శకత్వంలో ఈడిపస్ నాటకంలో జొకాస్టా అయింది. 1951లో బ్రెహ్ట్ నాటకంలో, యుద్ధభూములలో బండి లాగుకొంటూ వర్తకం చేసే కరేజ్ తల్లి అయింది. 1955లో కన్నబిడ్డలనే చంపుకొన్న మెడియా అయింది. బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో మొదలైన కీర్తి, తల్లి హృదయంలోని అన్ని లోతులనూ చుట్టివచ్చింది.

ఈ నడుమ రెండవ ప్రపంచయుద్ధం వచ్చి పోయింది. నాజీలు తూర్పు ఐరోపాలోని యూదు పట్టణాలను నామరూపాలు లేకుండ చేశారు. ఆన్‌స్కీ తిరిగి కథలు సేకరించిన ఊళ్లు, రొవీనా పుట్టి పెరిగిన పట్టణపు యూదులు, వారి పెండ్లివేడుకలు, వారి గురుపీఠాలు సమస్తం నశించాయి. అప్పటినుండి దిబ్బుక్ నాటకానికి అర్థం మారింది. 1922లో అది పాతలోకాన్ని కొత్తకళతో చూపిన ప్రయోగం. 1945 తరువాత అది చనిపోయినవారి గొంతు. చూడవచ్చిన వారిలో తల్లిదండ్రులను, తోబుట్టువులను పోగొట్టుకొనని వారు తక్కువ. తెల్లని దుస్తులలో నిలిచి తనది కాని గొంతుతో పలికే లేయాలో వారు ఒక ప్రేమకథను మాత్రమే చూడలేదు. మృతులు బ్రతికినవారిలో చొచ్చి మాట్లాడటమంటే ఏమిటో వారికి ఎవరూ వివరింపనక్కరలేకపోయింది.

అయితే పొగడ్తలోనే చరిత్ర ముగియరాదు. కొత్తతరం రొవీనాను ప్రశ్నించింది. ఆ గడ్డమీదనే పుట్టి, హీబ్రూ తల్లిభాషగా పెరిగిన యువకులకు హబీమా వారి రష్యను యాస వింతగా తోచింది. పెద్ద పెద్ద హావభావాలు, రాగయుక్తమైన పలుకు అసహజమనిపించాయి. 1944లో టెల్ అవీవ్‌లో వెలసిన కామెరీ నాటకశాల వీధిలోని మాటను, ఇంటిలోని తీరును వేదికకు తెచ్చింది. యౌవనం దాటి ఎన్నో ఏండ్లయినా రొవీనా కన్య లేయాగా కనిపించటం కొందరికి మొండితనంగా తోచింది. వారి ఆక్షేపణలో న్యాయముంది. ప్రాచీనమైన శైలిని పట్టుకొని వ్రేలాడితే కళ గడ్డకడుతుంది. కాని ఒక మాట మరువరాదు. హీబ్రూను తమ సొంత ఇంటి భాషగా తేలికగా మాట్లాడగల ఆ యువకులు, ఆ భాషకు ఇల్లు లేనినాడు దానిని తలపై మోసినవారి బిడ్డలు. మోసినవారి నడక బరువుగానే ఉంటుంది.

వేదిక ఆమెకు దేవాలయం. పాత్ర ధరించిన దినాన ఆ పాత్ర జీవితాన్నే జీవించటానికి ప్రయత్నించేది. తనను ఎంత కఠినంగా శాసించుకొన్నదో ప్రేక్షకులనూ అంత కఠినంగా శాసించింది. సభ శ్రద్ధగా లేదనిపిస్తే నాటకాన్ని నడుమ ఆపటానికి వెనుదీసేది కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో ప్రాణాలర్పించిన వీరవనిత హన్నా సేనెష్‌ను గురించిన నాటకం ఆడుతూ ఉండగా, పిల్లలు ప్రొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్న చప్పుడు వినబడింది. రొవీనా నాటకం ఆపి, గింజలు నమలటం చాలించుమని వారిని మందలించింది. కథలోని వీరవనిత పేరు హన్నాయే, మందలించిన నటి పేరూ హన్నాయే. ఆ క్షణంలో వేదిక దిగివచ్చి మాట్లాడినది మాత్రం పూర్వపు శిశుపాఠశాల ఉపాధ్యాయిని. ఆమె పలికినది పిల్లలందరికీ అర్థమైన భాష. ఆమె యౌవనంలో వార్సాలో నేర్చిన విద్యకు అంతకంటె సాఫల్యం ఏముంటుంది?

1956లో ఆమెకు ఇజ్రాయెలు పురస్కారం లభించింది. 1958లో హబీమాకు జాతీయ నాటకశాల అన్న హోదా దక్కింది. దేశం లేనినాడు పుట్టిన నాటకసమాజం, దేశం ఏర్పడిన పదేండ్లకు ఆ దేశపు నాటకశాల అయింది. సభ్యులే నడుపుకొన్న సమష్టి విధానం 1960 దశకాంతంలో రద్దయింది. కొత్త దర్శకులు, కొత్త నటులు వచ్చారు. రొవీనా మాత్రం వేదికను విడువలేదు. చివరి సంవత్సరాల వరకు నటిస్తూనే ఉండి, తొంబదియేండ్లకు చేరువైన వయసులో, 1980 ఫిబ్రవరి 3న కన్నుమూసింది. టెల్ అవీవ్‌లోని హబీమా భవనంలో పెద్ద నాటకశాలకు ఆమె పేరే పెట్టారు.

నటుని కళ నటునితోనే పోతుందన్న మాట నిజమే. రొవీనా కన్నీరు, కంఠం, ఆమె నిలిచిన తీరు నేడు వేదికపై ప్రత్యక్షంగా చూడలేము. కాని ఆమె మిగిల్చినది మరొకటి ఉన్నది. ఆమె పుట్టిననాడు హీబ్రూ మాతృభాషగా గలవారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది. ఆమె పోయిననాడు ఆ భాషలో జోలపాటలు, తగవులు, బజారు బేరాలు, హాస్యాలు, కొంటె వెక్కిరింతలు సమస్తం సాగుతున్నాయి. ఆమె శైలిని వెక్కిరించినవారు కూడ ఆ భాషలోనే వెక్కిరించారు. భాషాసేవ చేసినవారికి అంతకంటె ఘనమైన నివాళి మరొకటి దొరకదు.